ఇనేస్ కిటికీ కింద గోడ

జేవియర్ పోమార్‌కి కోతలు కొయ్యడం పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు వల విసిరి మూడు చేపలు పట్టుకుంటే, వీధి మలుపు తిరిగేసరికి అవి ముప్ఫై అయ్యేవి. మిగతావి ఏవిరా అని అమ్మ అడిగితే దారిలో కొంగలకి పెట్టానని తడుముకోకుండా చెప్పేవాడు. అలాంటివాడు సెయింట్ అగస్టీన్‌లో గుర్రబ్బండి తోలడానికి కాక మరెందుకు పనికొస్తాడు? కోట దగ్గర ఊరు చూడ్డానికొచ్చిన జనాన్ని ఎక్కించుకోవడం, సముద్రపు గోడ వెంట తీసుకెళ్ళి పాత సందుల్లో తిప్పడం, పెద్ద చర్చి ముందు దింపడం. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే పని. ఈ ఊళ్ళో బండి తోలేవాళ్ళెవరూ ఉన్నదున్నట్టు చెప్పరు, చెబితే ఎక్కేవాడుండడు. కాకపోతే మిగతావాళ్ళు ఎవరెవరి కొంపల మీదో కథలల్లారు. ఈ మహానుభావుడు పుట్టి పెరిగిన సొంత కొంప మీదే అల్లాడు.

అది జరిగింది ముప్ఫై ఒక్కేళ్ళ కిందట, ఆగస్టు మిట్టమధ్యాహ్నం. బండిలో జార్జియా నించి వచ్చిన కొత్త దంపతులు. పెళ్ళికొడుకు తల్లి హోటలుకి మూడుసార్లు ఫోన్ చేసిందట, అందుకని పెళ్ళికూతురు మూతి ముడుచుకుని అటు తిరిగి కూర్చుంది. ఈ గొడవ చాలదన్నట్టు అప్పటి గుర్రం ఒక సందులో నీడ చూసుకుని ఆగిపోయింది. అదిలించినా, బతిమాలినా కదలదు. ఎదురుగా పోమార్ వాళ్ళ ఇల్లు. అమ్మ పోయి అప్పటికి ఏడాది. అక్క ఫిలోమినా ఒక్కతే ఉంటోంది. వీధి వైపు వంటింటి కిటికీకి పాతకాలపు చెక్క ఊచలు, దాని కింద సున్నం పెచ్చులూడిపోయి లోపలి రాయి బయటపడి ఉంది.

ఆ రాయి సంగతి ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. సముద్రం అడుగున గవ్వలూ ఇసకా కలిసి గట్టిపడిన రాయి. కోట కట్టింది దానితోనే. ఫిరంగి గుండు తగిలినా పగలదు గానీ గోరు పెట్టి గీకితే మాత్రం రాలిపోతుంది. పైన సున్నం పూత ఉన్నన్నాళ్ళే దానికి బతుకు. అందుకే అమ్మ ప్రతి మూడో ఏడూ దగ్గరుండి సున్నం కొట్టించేది.

జేవియర్ నోరు ఊరుకుంటుందా? వెనక్కి తిరిగి, టోపీ తీసి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. ఆ కిటికీలో ఇనేస్ అనే పిల్ల నిలబడేది. ఆమె మనసిచ్చినవాడు కోటలో సిపాయి. ఓడెక్కి క్యూబా వెళ్ళాడు. వెళ్ళిన రోజు నించీ ఆమె ఆ గోడలోంచి రోజుకో గవ్వ తీసి దాచుకుంది. నూట తొమ్మిదో గవ్వ తీసిన సాయంత్రం వాడొచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. ఆ గోడలోని గవ్వ దగ్గరుంచుకున్న జంట ఇంతవరకూ విడిపోలేదు. ఇదీ కథ. నిజానికి ఆ కిటికీలో ఏ పిల్లా సిపాయి కోసం నిలబడిన పాపాన పోలేదు. నాయనమ్మ అక్కడ డాటిల్ మిరపకాయలు ఆరబెట్టేది, అంతే.

పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుని బండి దిగింది. గోరుతో ఒక గవ్వ గీకి తీసుకుంది. మొగుడు పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. చర్చి దగ్గర దిగేటప్పుడు ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి ఉన్నారు. జేవియర్‌కి తన తెలివికి తనకే ముచ్చటేసింది. రెండో ట్రిప్పులో మళ్ళీ చెప్పాడు. మర్నాడు ఆరుసార్లు చెప్పాడు. ఒక గవ్వ పోతే గోడకి ఏమవుతుంది, అనుకున్నాడు.

ఒకటి కాదు కదా. ఏడాది తిరిగేసరికి మిగతా బండ్లవాళ్ళూ అదే చెప్పడం మొదలుపెట్టారు. మూడేళ్ళకి ఊరి పటాల్లో ‘ఇనేస్ కిటికీ’ అని అచ్చయింది. పెళ్ళిబృందాలు చర్చిలోంచి తిన్నగా అక్కడికే వచ్చి ఫొటోలు దిగేవి. ఫిలోమినా బడి వంటశాలలో పని చేసి సాయంత్రం ఇల్లు చేరేసరికి గుమ్మంలో నలుగురు కూర్చుని ఉండేవాళ్ళు. బాత్రూమ్ అడిగేవాళ్ళు, మంచినీళ్ళు అడిగేవాళ్ళు, ఇనేస్ మీకు ఏమవుతుందని అడిగేవాళ్ళు. రెండుసార్లు సున్నం పూయించింది. పూత ఆరకముందే ఎవడో తాళంచెవితో పొడిచి దారి చేశాడు. మూడోసారి ఇక పూయించలేదు. తమ్ముణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. ఆమెకి కథ ఎక్కడ పుట్టిందో తెలియదనీ, తెలిస్తే తన్ని తగలేసేదనీ జేవియర్ నమ్మకం. అందుకని లోపలికి వెళ్ళడం తగ్గించాడు. మొదట్లో పెళ్ళాం డార్లీన్‌కీ అక్కకీ పడదనే వంక ఉండేది. డార్లీన్ పోయి ఆరేళ్ళయినా వంతెన అవతల తన ఇంట్లో తను వండుకుని తినేవాడు గానీ, క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప ఆ గుమ్మం తొక్కేవాడు కాదు.

ఇలా గడిచిపోయేదేమో గానీ, కిందటేడు తుపాను వచ్చింది. వీధిలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చి రెండు రోజులు నిలిచాయి. కిటికీ కింద అప్పటికే మోచెయ్యి పట్టేంత గుంట. అందులోంచి నీళ్ళు గోడ పొట్టలోకి దిగాయి. వసంతంలో నగర కార్యాలయం నించి ఒక ఇంజనీరమ్మ వచ్చి, గోడకి తూకపుగుండు వేలాడదీసి చూసి, తల అడ్డంగా ఊపింది. పై అంతస్తు బరువంతా ఈ గోడ మీదే ఉంది, ఇది వీధి వైపు వంగుతోంది, నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలి అంది. మళ్ళీ కట్టుకోవచ్చు కదా అని జేవియర్ అడిగాడు. ఆ రాయి ఇప్పుడు తవ్వనివ్వరు, సిమెంటు పెడితే చెమ్మ లోపలే ఉండిపోయి మిగిలిన రాయిని కూడా తినేస్తుంది అని చెప్పింది. పాత రాయి ఎక్కడైనా దొరికి, బాగుచేయించినా మాత్రం జనం గీకడం ఆపుతారా? ఆపించగలిగితే గోడకి దన్ను పెట్టించి, కొంతకాలం గడువిప్పిస్తానంది. పాపం మంచి మనిషే. వెళ్ళేటప్పుడు ఆమె కూడా గుంట అంచు మీద చెయ్యి వేసి ఒక క్షణం నిలబడింది.

జనాన్ని ఆపించాలి. అంటే కథని చంపాలి. పుట్టించినవాడికి చంపడం ఎంతసేపు, అనుకున్నాడు జేవియర్.

మర్నాడు పొద్దున్నే మొదటి ట్రిప్పులో, కోట దాటగానే, బండిలో ఉన్నవాళ్ళకి విషయం విప్పి చెప్పేశాడు. ఇనేస్ లేదు, సిపాయి లేడు, అదంతా నేను ఒక ఎండ పూట అల్లిన కోత, ఆ ఇల్లు మాదే, దయచేసి గోడ ముట్టుకోకండి అన్నాడు. బండిలో ఉన్న నలుగురూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఈయన భలే సరదా మనిషి అని ఒకావిడ తన మొగుడితో చెప్పింది. దిగాక నలుగురూ తలా ఒక గవ్వ తీసుకున్నారు.

డ్వైట్ దగ్గరికి వెళ్ళాడు. డ్వైట్ ఒహాయో నించి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఓడదొంగ వేషం వేసుకుని నడిపించి ఊరు చూపిస్తాడు. ఇనేస్ కథ అతను చెప్పినట్టు జేవియర్ కూడా చెప్పలేడు, చివర్లో నిజంగా ఏడుస్తాడు. ఆ కథ నాది నాయనా, ఇక చెప్పడం మానెయ్, అక్క ఇల్లు కూలిపోతోంది అని జేవియర్ అడిగాడు. డ్వైట్ జాలిగా చూశాడు.

“పెద్దాయనా, ఏమనుకోకు. ఈ కథ నాదే అనేవాళ్ళు ఈ వీధిలో నీతో కలిపి ముగ్గురయ్యారు. నిన్నగాక మొన్న ఐస్‌క్రీమ్ అమ్మేవాడు కూడా ఇదే మాటన్నాడు. ఇనేస్ కథ పుస్తకాల్లో ఉంది, నేను చదివాను.”

ఆ పుస్తకం రాసినవాడు పాతికేళ్ళ కిందట తన బండిలో కూర్చుని రాసుకున్నాడని జేవియర్ చెప్పబోయాడు. డ్వైట్ అప్పటికే తన జనం వైపు తిరిగాడు. ముప్ఫై ఒక్కేళ్ళు అబద్ధం చెబితే ఊరంతా నమ్మింది. ఇప్పుడు నిజం చెబుతుంటే సొంత వృత్తివాడే కోత అంటున్నాడు. ఎవరితో చెప్పుకుంటాడు?

గోడకి బోర్డు పెట్టాడు. ‘ఇది కట్టుకథ, గోడ ముట్టుకోవద్దు’ అని ఎర్ర రంగుతో రాశాడు. ఇంత గట్టిగా కాదంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందని జనం ఇంకా మూగారు. నాలుగో రోజు బోర్డు కూడా ఎవరో జ్ఞాపకంగా పట్టుకుపోయారు. పోలీసు దగ్గరికి వెళితే, గోరుతో గవ్వ గీకినందుకు ఎవర్ని పట్టుకెళ్ళమంటావు, పెళ్ళికూతుర్నా అన్నాడు.

కనీసం తను ఆ సందులోకి వెళ్ళకుండా ఉంటే చాలనుకున్నాడు. అక్కడా చుక్కెదురైంది. ఇప్పటి గుర్రం పేరు బ్యూలా. పదకొండేళ్ళుగా అదే దారి తిరిగిన జంతువు. అతను కళ్ళెం ఎడమకి లాగితే అది కుడికి తిరిగి, సందులోకి వెళ్ళి, తిన్నగా కిటికీ ముందు నిలబడింది. కథ చెప్పడానికి ఎంతసేపు పడుతుందో దానికి ఒంటికి పట్టిపోయింది. అంతసేపూ అడుగు కదపదు. జేవియర్ పెదవులు బిగించి కూర్చున్నాడు. ఇక్కడెందుకు ఆగాం అని వెనక నించి ఎవరో అడిగారు. ఇది ఇనేస్ కిటికీ కదూ అని ఇంకెవరో గుర్తుపట్టారు. తెలిసినావిడ తెలియనివాళ్ళకి కథంతా చెప్పింది. సిపాయి తిరిగొచ్చే చోట ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. చెప్పడం పూర్తయ్యాక బ్యూలా తనంతట తనే కదిలింది. జేవియర్ ఆ రోజు బండి అప్పగించేసి, గుర్రపుశాల వెనక గడ్డిమోపు మీద కూర్చుని, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నెల గడువు దగ్గరికొచ్చింది. ఫిలోమినాకి వంతెన అవతల, హైవే పక్కన వృద్ధుల ఇళ్ళ సముదాయంలో ఒక గది దొరికింది. ఖాళీ చేసే ముందు గురువారం మధ్యాహ్నం జేవియర్ ఆ గుమ్మం తొక్కాడు. సగం సామాను పెట్టెల్లో ఉంది. వంటిల్లు మాత్రం అలాగే ఉంది. పొయ్యి మీద రొయ్యల పలావు ఉడుకుతోంది, డాటిల్ మిరప ఘాటుకి ముక్కు మండుతోంది. కిటికీ కింద గోడలో పిడికిలంత వెలుతురు. అంటే గుంట ఇవతలికి వచ్చేసింది. వీధిలో నడిచేవాళ్ళ చెప్పులు అందులోంచి కనిపిస్తున్నాయి. ఆమె కుర్చీ ఆ వెలుతురుకి మూరెడు దూరంలో ఉంది.

“అక్కా, ఒక మాట చెప్పాలి.”

“తినేసి చెప్పు.”

“తింటే చెప్పలేను. ఆ ఇనేస్ కథ... అది నేనే అల్లానక్కా. మొట్టమొదట చెప్పింది నేనే. ఈ ఇల్లు నేనే కూల్చాను.”

ఫిలోమినా గరిటె పక్కన పెట్టలేదు. పలావు ఒకసారి కలిపి, మూత పెట్టి, అప్పుడు ఇటు తిరిగింది.

“తెలుసులేరా.”

“ఎప్పట్నించి?”

“మొదటి రోజు నించే. ఆ జార్జియా పిల్ల అలిగి కూర్చుంది చూడు, ఆ రోజు. సెలవుల్లో ఉన్నానుగా, ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని రొయ్యలు వలుస్తున్నాను. నీ గొంతు నాకు తెలీదట్రా?”

జేవియర్ గోడ ఆనుకోబోయి, గుర్తొచ్చి ఆగాడు. తెలిసి ఎందుకు ఊరుకున్నావ్, ఒక్క మాటంటే అప్పుడే మానేసేవాణ్ణి కదా, సున్నం పూసుకుంటే గోడ వందేళ్ళు నిలిచేది కదా అని, అడుగుతున్నాడో తిడుతున్నాడో తనకే తెలియకుండా అన్నాడు.

ఆమె పళ్ళెం తీసి, తుడిచి, వడ్డించి, అతని ముందు పెట్టింది.

“మానేస్తే నువ్విటు వచ్చేవాడివా? అమ్మ పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేదెవరు? రోజుకి ఆరుసార్లు వచ్చేవాడివి. బడికెళ్ళే రోజుల్లో సాయంత్రం రెండు ట్రిప్పులే దొరికేవి. పని మానేశాక ఆరూ విన్నాను. జలుబు చేస్తే తెలిసేది, డార్లీన్‌తో పోట్లాడి వస్తే తెలిసేది. ఆవిడ చనిపోయిన వారంలో సిపాయి రాడనే చెప్పావు, గుర్తుందా? తలుపు తీసి లోపలికి రమ్మంటే ఏదో పనుందనేవాడివి. అందుకని పిలవడం మానేశాను. గోడేముందిరా, పోతే పోయింది అనుకున్నాను. నేను పోయేదాకా ఆగుతుందనుకున్నాను, ఆగలేదు.”

బయట ఎవరో ఆడమనిషి నవ్వింది. గుంటలోంచి రెండు వేళ్ళు లోపలికి వచ్చి, తడిమి, ఏదో గీరుకుని వెళ్ళిపోయాయి. అక్కాతమ్ముళ్ళిద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు. జేవియర్ లేచి అరవలేదు. అరిచి ఏం లాభం?

“కొత్త గది బాగానే ఉంటుందట. చల్లగాలి మిషను కూడా ఉందట. రోడ్డు మాత్రం పెద్దది, లారీలు తిరుగుతాయి. అటు గుర్రబ్బండ్లు రానివ్వరట,” అంది ఫిలోమినా.

అతను పలావు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, ప్రతి ఆదివారం వస్తానక్కా, గుర్రం లేకుండా వస్తాను, లోపలికి వచ్చి కూర్చుంటాను, సాయంత్రం దాకా ఉంటాను అన్నాడు. చెబుతున్నకొద్దీ మాటలు బాగా వస్తున్నాయి. వచ్చేటప్పుడు చేపలు తెస్తానన్నాడు. ఇద్దరం కలిసి వండుకుందామన్నాడు. అంతా నిజమే చెబుతున్నాడు, దేవుడి మీద ఒట్టు. కానీ గొంతు మాత్రం బండి మీద పలికినట్టే పలికింది. ఎంత ప్రయత్నించినా అతనికి ఇంకో గొంతు రాలేదు.

ఫిలోమినా కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చివరిదాకా విన్నది.

“బాగుందిరా. ఇంకోసారి చెప్పు,” అంది.