పాట ఎక్కని డిస్కు

ఆ రోజుల్లో లాప్‌టాప్ పక్కనున్న మీట నొక్కితే చిన్న పళ్లెం ఒకటి నాలుక చాపినట్టు బయటికొచ్చేది. అందులో డిస్కు పెట్టి లోపలికి తోస్తే గుర్రుమని తిరిగి, మన పాటలూ ఫొటోలూ దాని మీదికెక్కించి ఇచ్చేది. ఇప్పుడు మా ఆఫీసులో చేరే పిల్లలకు ఈ సంగతి చెబితే, "అయ్యో, అప్పుడు క్లౌడ్ లేదా సార్?" అని జాలిగా చూస్తారు. అప్పుడు లేనివి చాలానే. నాకు మాత్రం గర్వం పుష్కలంగా ఉండేది.

భీమవరం వైపు నుంచి వచ్చి మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరి అప్పటికి ఏడాది. మా సాఫ్ట్‌వేర్ వేరే కంపెనీల ప్రింటర్లతో, డ్రైవులతో కలిసి పనిచేస్తుందో లేదో చూడటం నా ఉద్యోగం. పనిచేయకపోతే "బయటి పరికరం, మన బాధ్యత కాదు" అని రాసి ఫిర్యాదు మూసేయడం కూడా నా ఉద్యోగమే (ఈ రెండో పనిలో నాకు మంచి పేరుండేది). మా అంతస్తు శుభ్రం చేసే ఆవిడను అందరం పాలమూరక్క అనేవాళ్లం. నేను భోజనం మానేస్తే, "ఏంది సారూ, గిట్లయితే సూది లెక్కయితవు" అని మందలించే మనిషి ఈ ఊళ్లో నాకు ఆవిడ ఒక్కతే. ఆ ఏడు ఆఫీసులో బతుకమ్మ పేర్చి, అంతా చుట్టూ చేరాక స్పీకరు మొరాయించింది. తీగలు పీకి పెట్టడంలో మేమంతా తలమునకలై ఉండగా, పాలమూరక్క చేతిలో చీపురు గోడకానించి పాట ఎత్తుకుంది. అంతే, మాటలాగిపోయాయి. చప్పట్లు వాటంతటవే కలిశాయి. నేను కెమెరాలో అంతా పట్టాను.

మంగళవారం నాడు ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి, "సారూ, నా పాట తీసినవట గద. మా ఇంట్ల టీవీల చూసెటట్టు జర డిస్కు చేసిస్తవా? పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి నా పాట నేను ఇన్లే" అంది. "దాందేముందక్కా, రేప్పొద్దున్నకల్లా మీ చేతిలో ఉంటుందండీ" అన్నాను. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు వేరేవాళ్ల చేతికి పోయిందని, శనివారమే ఆవిడకు ఆఖరి రోజని ఆ సాయంత్రం తెలిసింది.

నా లాప్‌టాప్‌లోని పళ్లెం ఎప్పుడో చెడిపోతే, వేరే కంపెనీ డ్రైవు ఒకటి విడిగా కొన్నాను. గదికి వెళ్లి దాన్ని తగిలించాను. లాప్‌టాప్‌తో వచ్చిన సాఫ్ట్‌వేరేమో "తగిన డ్రైవు కనబడలేదు" అంది. తీసి పెట్టాను, మళ్లీ అదే మాట. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో తియ్యగా, "సార్, అది బయటి పరికరం. మా బాధ్యత కాదండీ" అంది. అచ్చంగా నా వాక్యమే! ఏడాదిగా ఎంతమందికి అది వడ్డించానో, దాని రుచి ఆరోజే తెలిసింది. ఇంకో సాఫ్ట్‌వేర్ వెతికి పెట్టాను. అది సగం ఎక్కించి చతికిలపడేది. ఆరు డిస్కులు అలా పాడయ్యాయి (టీ గ్లాసుల కింద పెట్టుకోవడానికి చాలాకాలం వచ్చాయి). ఏడోదాన్ని నత్తనడకన నడిపిస్తే పూర్తయింది. గురువారం దాన్ని గర్వంగా ఆవిడ చేతిలో పెట్టాను.

మర్నాడు పాలమూరక్క మెల్లగా చెప్పింది. "సారూ, టీవీ నిండ నీలం రంగొచ్చింది. గంటసేపు చూసినం. ఇగొస్తది, ఇగొస్తది అన్నడు మా ఆయన." నా మొహం చూసి తనే సర్దిచెప్పింది. "ఫికర్ చెయ్యకు సారూ. నీకు పనులుంటయి." తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ ఆఖరి డ్యూటీ దిగాక, లాప్‌టాప్, డ్రైవు సంచిలో వేసుకుని షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడలో వాళ్లింటికి వెళ్లాను. రేకుల కప్పు కింద ఒకే గది. పాలమూరక్క భర్త తాపీ మేస్త్రీ. నాకోసం పని మానుకుని కూర్చున్నాడు. ఇది ఒక కంపెనీది, అది ఇంకో కంపెనీది, రెండింటికీ పొసగదని ఆయనకు వివరంగా చెప్పాను. "పాలోళ్ల పంచాయితీ లెక్కనా సారూ?" అన్నాడాయన. సరిగ్గా దాయాదుల తగాదాయే అన్నాను. ఇంతలో పాలమూరక్క డ్రైవు తీగ చేతిలోకి తీసుకుని చూసింది.

"సారూ, గీ తీగకు రెండు తలకాయలున్నయి. నువ్వు ఒకటే పెట్టినవు. ఇంకోదాన్ని రబ్బరేసి ఎందుకు కట్టిండ్రు?"

చూశాను. ఒకటి సమాచారానికి, రెండోది కరెంటుకి. కొన్ననాడే అది అదనపు తోక అనుకుని నేనే కట్టిపెట్టాను. రబ్బరు తీసి పెట్టగానే డ్రైవు ఎన్నడూ లేనంత హుషారుగా గుర్రుమంది. లాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ మారుమాట లేకుండా దాన్ని గుర్తుపట్టింది, టీవీలో ఆడే డిస్కు కావాలా అని కూడా అడిగింది. పంచాయితీ ఎక్కడా లేదు. పాపం, దానికి తిండి చాల్లేదు, అంతే.

కొత్త డిస్కు టీవీ కింది ప్లేయరులో తిరిగింది. టీవీలో పాలమూరక్క కనబడింది. చూస్తున్న పాలమూరక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు జారింది. పెదాలు పాటతోపాటు కదులుతున్నాయి. పాట అయిపోయాక, "గింత మంచిగ పాడిననా?" అంది ఎవరితోనో అన్నట్టు. భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండా, "పొయ్యికాడ రోజూ పాడుతవు. నేనే ఇన్లే" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, "ఇంకోపారి పెట్టు సారూ" అంది. నాలుగుసార్లు పెట్టాను.

సోమవారం కొత్తవాళ్లు వచ్చి నేల తుడిచారు. ఆవిడ ఫోన్ నంబరు అడగాలని నాకు తట్టనే లేదు. ఆ వయసులో మనుషులు ఎప్పుడూ అదే అంతస్తులో ఉంటారనిపిస్తుంది కాబోలు. తర్వాత నా లాప్‌టాప్ పాడై ఆ వీడియో కూడా పోయింది. ఉన్నదంటే ఆవిడ దగ్గరున్న డిస్కొక్కటే. ఇప్పుడు మా ఆఫీసు నానక్‌రామ్‌గూడలోనే, పదకొండో అంతస్తులో. టీ తాగుతూ కిటికీలోంచి ఆ సందు వెతుకుతాను, దొరకదు. అప్పటి డ్రైవుల మోడల్ నంబర్లన్నీ ఇప్పటికీ గడగడా చెప్పగలను. ఆ పాట మాత్రం మొదటి వరుస దాటి గుర్తురాదు. ఆ ఒక్క వరుసనే కూనిరాగం తీస్తుంటే పక్క సీటు పిల్ల, "తర్వాతేంటి సార్?" అంటుంది. నవ్వేసి, మళ్లీ మొదటినుంచి అందుకుంటాను.