చెప్పిన మాట వినే జట్టు

బాస్కెట్‌బాల్‌లో బంతి ఒకటే, రింగు ఒకటే, నలభై నిమిషాల ఆట ఒకటే, కాబట్టి కోచింగ్ కూడా ఎక్కడైనా ఒకటేనని తేల్చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జీతం తీసుకుని ఆడే క్లబ్బు జట్టుకూ, పరీక్షల మధ్య తీరిక చేసుకుని ఆడే కాలేజీ జట్టుకూ ఒకే ఎత్తు చెప్పేవాడు కోచ్ కాదు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ తప్పు ఒకసారి నేనే చేశాను. దాని ఫలితం పన్నెండుమంది విద్యార్థులు అనుభవించారు.

నేను మస్కట్ వచ్చింది ఇనుప చువ్వలు కట్టే పనికి. పదకొండేళ్లు సైట్ల మీద గడిపాను, చివర్లో ఫోర్‌మన్‌గా. మోకాలు దెబ్బతిన్నాక అక్కడే రూవి పేటలో ఒక క్లబ్బు ఇండోర్ హాలును చూసుకునే పని దొరికింది. తలుపులు తీయడం, చెక్క నేల తుడవడం, స్కోరు బోర్డు నడపడం నా డ్యూటీ. నేల తుడిచేవాడికి ఆట గురించి ఏం తెలుసని నా ముందే నవ్విన పెద్దమనుషులున్నారు. అసలు తుడిచేవాడికే తెలుస్తుంది. ఎవడు మైదానమంతా పరిగెత్తాడో, ఎవడు ఒక్క మూలనే నిలబడి కాలక్షేపం చేశాడో చెమట చుక్కలు చూసి చెప్పగలను. చదివింది ఏడో తరగతి. కోచ్‌లు వదిలేసి వెళ్లిన ఇంగ్లీషు పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఇరవై ఏళ్లలో క్లబ్బుకు వచ్చిన నలుగురు కోచ్‌ల ఎత్తులన్నీ బొమ్మలు గీసి మరీ నోట్‌బుక్కుల్లో రాసుకున్నాను.

ఆ నలుగురిలో ఒక్కరు కూడా ఆటగాడికి బంతి పట్టుకోవడం నేర్పలేదు. అది వాళ్ల పని కాదు. క్లబ్బులో ఆడేవాళ్లు ముప్పై ఏళ్లవాళ్లు, పని పూర్తిగా వచ్చినవాళ్లు. కొందరు విమానం దిగి నేరుగా ప్రాక్టీసుకు వచ్చేవారు. ఎదుటి జట్టులో బలహీనుడెవడో వెతకడం, మన బలవంతుణ్ణి వాడి మీదికి వదలడం, ఆ దారి మూసుకుపోయేదాకా అక్కడే కొట్టడం, అదే కోచ్ పని. సీజన్ పొడుగునా మ్యాచ్‌లుంటాయి కాబట్టి ప్రాక్టీసు తక్కువ, ఒంటిని కాపాడుకోవడం ఎక్కువ.

రెండేళ్ల కిందట ఒక కాలేజీ మా హాలును వారానికి మూడు సాయంత్రాలు తీసుకుంది. వాళ్ల పీఈటీ సార్ కోనసీమ మనిషి, నలభై దాటలేదు. తానే వెంటపడి కాలేజీలో జట్టు పెట్టించాడు. యాజమాన్యం మాత్రం ఒక షరతు పెట్టింది: ఈ ఏడు కాలేజీల పోటీల్లో సెమీఫైనల్ చేరకపోతే జట్టు రద్దు. గ్రూపులో మూడు మ్యాచ్‌లు, రెండు గెలవాలి. అతను నా గదికి వచ్చి నిలబడ్డాడు.

"బాబాయ్ గారూ, మీ దగ్గర నోట్సులున్నాయంట కదండీ. ఒక్కసారి చూపిద్దురూ."

"చూపిచ్చుడేంది సార్, తీస్కపో. ఇరవై ఏండ్ల కష్టమది. గందుల లేని ఎత్తు లేదు."

ఇద్దరం కలిసి పద్దెనిమిది ఎత్తులు ఏరాం. జట్టులో ఒకడు తాటిచెట్టంత పొడుగు. మొదటి మ్యాచ్‌లో వాణ్ణి రింగుకు ఎడమవైపు నిలబెట్టి ప్రతి బంతీ అటే పంపమన్నాం. పావు ఆట వరకూ బ్రహ్మాండంగా సాగింది. తర్వాత ఎదుటివాళ్లు వాడి మీదికి ఇద్దరిని పంపారు. మనవాళ్లు మళ్లీ వాడికే ఇచ్చారు. ఆ ఇద్దరూ లాక్కున్నారు. మళ్లీ వాడికే ఇచ్చారు. మిగతా నలుగురిలో ఒకడు ఎప్పుడూ ఖాళీగానే ఉన్నాడు, వాడి వైపు ఎవరూ చూడలేదు. బెంచీ మీద సార్ నోట్‌బుక్కు తెరిచి ఎడమ చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడు. నేను బోర్డు దగ్గర పళ్లు కొరుక్కుంటూ ఎదుటివాళ్ల పాయింట్లు ఎక్కిస్తూనే ఉన్నాను. చిత్తుగా ఓడాం.

బయట వరండాలో కెప్టెన్ నీళ్లు తాగుతున్నాడు. ఇక్కడివాడే, హిందీ బాగా మాట్లాడతాడు. నేను ఆగలేకపోయాను.

"ఇద్దరు మీద పడుతుంటే కండ్లు కనిపించలేదా నీకు?"

"కనిపించారు చాచా."

"మరి బంతి అక్కడికే ఎందుకిచ్చినవ్?"

"కోచ్ చెప్పారు కదా!"

వాడి ముఖంలో సాకు చెప్పే వాలకం లేదు. ఇంత చిన్న సంగతి నన్నెందుకు అడుగుతున్నావన్నట్టు చూశాడు.

నాకు తిట్టాల్సింది ఎవరినో అప్పుడు అర్థమైంది. మా క్లబ్బులో కోచ్ చెయ్యి ఎత్తినా, అక్కడ ఇద్దరు కాచుకుని ఉంటే ఆటగాడు తల అడ్డంగా ఊపి బంతి ఇంకోవైపు పంపేవాడు. ఒక్కోసారి కోచ్‌నే కసిరేవాడు. నా పుస్తకాల్లోని ఎత్తులు గెలిచింది అవి గొప్పవై కాదు, వాటిలోని తప్పును ఆటగాళ్లు ఎక్కడికక్కడ దిద్దుకోవడం వల్ల. ఆ దిద్దుబాటును నేను ఎన్నడూ రాసుకోలేదు. సైటు మీద ఇది నాకు బాగా తెలిసిన విషయమే. డ్రాయింగ్‌లో చువ్వ తక్కువ పడితే పాతకాపు పని ఆపి పిలుస్తాడు: "ఓ ఫోర్‌మనూ, ఇటు జూడు." కొత్తవాడు అలా కాదు, ఆ తప్పును ఎంతో శ్రద్ధగా, ఒక్క ముడి కూడా వదులు కాకుండా కట్టేస్తాడు. అందుకే కొత్తవాళ్లకు ముందు చూడటం నేర్పేవాణ్ణి, తర్వాతే కట్టడం. ఇనుము దగ్గర తెలిసిన సంగతి బంతి దగ్గర మరిచిపోయాను.

మర్నాడు సార్ వాడిపోయిన ముఖంతో వచ్చాడు.

"బాబాయ్ గారూ, ఇంకో నోట్‌బుక్కేదన్నా ఉందాండీ? ఇది కలిసి రాలేదు."

"పుస్తకాలన్నీ పక్కకు పెట్టు సార్. అవి మనకు పనికిరావు."

"అదేంటండీ! మొన్ననే కదా ఇందులో లేని ఎత్తే లేదన్నారు?"

"అన్న. తప్పన్న. అవి క్లబ్బోళ్లవి. నీ పోరగాండ్లు నువ్వు బాయిల దుంకుమన్నా లైను కట్టి దుంకుతరు. గదే మన రోగం."

"మాట వినడం కూడా రోగమేనాండీ? కాలేజీలో రోజంతా మేం చెప్పేది అదేనండీ!"

అరగంట వాదించుకున్నాం. చివరికి పద్దెనిమిది ఎత్తుల్లో మూడే ఉంచాం. క్లబ్బు ఎన్నడూ చేయని పని ఒకటి పెట్టుకున్నాం: ఆట మొదటి నుంచి చివరిదాకా మైదానం పొడుగునా ఎదుటివాళ్లను వెంటాడటం. ముప్పై ఏళ్ల మోకాళ్లతో, మూడు రోజులకో మ్యాచ్‌తో క్లబ్బువాళ్లకు అది కుదరదు. మనకు పన్నెండుమంది కుర్ర ఒళ్లున్నాయి, ఆడాల్సినవి రెండే మ్యాచ్‌లు. ఐదుగురు అలిసిపోతే ఐదుగురు దిగుతారు. ఎవరూ బెంచీకి అతుక్కుపోకూడదు.

ఇంకొకటి నా పట్టుదల. ప్రాక్టీసులో సార్ కావాలని తప్పు ఎత్తు చెప్పాలి. ఎదుటివాళ్లు కాచుకున్న వైపే బంతి పంపమనాలి. అడ్డు చెప్పకుండా పంపినవాడు హాలు చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తాలి. మొదటి రోజు పన్నెండుమందీ పరిగెత్తారు. రెండో రోజూ అంతే. "వీళ్లని పరుగు పోటీలకి పంపుదామండీ, అక్కడైనా గెలుస్తారు" అన్నాడు సార్. మూడో రోజు కెప్టెన్ బంతి చంకలో పెట్టుకుని ఆగిపోయాడు. గురువు ముఖంలోకి చూసి, గొంతు సవరించుకుని, "వద్దు కోచ్, అక్కడ ఇద్దరున్నారు" అన్నాడు. అని, కొడతారేమోనన్నట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. సార్ చప్పట్లు కొట్టాడు.

రెండో మ్యాచ్‌లో మన పరుగు అందుకోలేక ఎదుటివాళ్లు చేతులెత్తేశారు. ఇక మూడోది మిగిలింది. ఆ రోజు స్కోరు బోర్డు వేరేవాళ్లకు అప్పగించి నేను మన బెంచీ వెనక కూర్చున్నాను.

చివరి నిమిషంలో మనం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. సార్ టైమ్ అవుట్ తీసుకుని, బంతి పొడుగువాడికే ఇమ్మన్నాడు. భయం పట్టుకున్నప్పుడు మనిషి పాత అలవాటుకే పోతాడు. ఆట మొదలవగానే పొడుగువాడి మీదికి ఇద్దరు వచ్చారు. కెప్టెన్ అటు చూసి, బెంచీ వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"ఎడమకి! ఎడమకి!" అని సార్ ఇంగ్లీషు మరిచిపోయి తెలుగులో అరిచాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు నేర్పించిందే ఇదండీ! జట్టు పోతుంది, మీ పుణ్యమాని జట్టు పోతుంది!"

"నోరు మూసుకొని ఆట జూడు సార్!" అన్నాను. పెద్దవాడినన్న చనువుతో అనలేదు. నిజంగానే అన్నాను.

కెప్టెన్ కుడి మూలలో ఒంటరిగా ఉన్న ఒక బక్కవాడికి ఇచ్చాడు. వాడు వేసిన బంతి రింగుకు తగిలి పైకి లేచింది. కానీ పొడుగువాడి మీదున్న ఇద్దరిలో ఒకడు అప్పటికే బక్కవాడి వైపు పరిగెత్తాడు. ఖాళీ దొరికిన పొడుగువాడు గాలిలోనే బంతి అందుకుని రింగులో వేశాడు. ఒక్క పాయింటుతో గెలిచాం.

"చూశారా! చివరికి ఎడమకే వెళ్లింది కదండీ!" అని సార్ నన్ను వాటేసుకున్నాడు.

కాలేజీ తరఫున వచ్చిన అధికారి మెట్లు దిగి వచ్చి, జట్టు వచ్చే ఏడు కూడా ఉంటుందని చెప్పి చెయ్యి కలిపి వెళ్లాడు. సార్ కుర్చీలో కూలబడ్డాడు. సంతోషంతో అనుకున్నాను. కాదు, వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.

"బాబాయ్ గారూ, జూన్‌కి ఐదుగురు చదువైపోయి వెళ్లిపోతారండీ. కెప్టెనూ, పొడుగోడూ ఇద్దరూ అందులోనేనండీ."

"పోతరు. కాలేజంటే గంతే గద. క్లబ్బోడైతే కొత్తోళ్లను కొనుక్కొస్తడు. నువ్వు తయారు చేస్కోవాలె."

"ఎవరితో మొదలెడదామంటారు?"

"ఆ బక్కోనితోని. ఇంకా రెండేండ్లుంటడు. ఎడమ చెయ్యి అస్సలు ఆడదు వానికి. రేపటి సంది ఎడమ చేత్తోనే ఆడిపియ్యి."

"రేపు వాడికి పరీక్షండీ."

"అయితే ఎల్లుండి" అన్నాను.