ఒక్క టేక్‌లో పగిలేది

ఫిల్మ్‌నగర్ నుంచి వస్తున్న బస్సులో, నా పాత గేమింగ్ ల్యాప్‌టాప్‌కి ర్యామ్ పెంచాలా, అమ్మేసి కొత్తది కొనాలా అని ఫోన్లో తమ్ముడితో వాదిస్తున్నాను. ఫోన్ పెట్టేయగానే పక్క సీటాయన నా ఒళ్లోని ల్యాప్‌టాప్ బ్యాగు చూస్తూ, "అన్నా, గది నాకమ్ముతవా?" అన్నాడు.

"ఆట మధ్యలోనే ఆగిపోతుందండీ."

"అసల్ నడ్వకున్నా ఫికర్ లేదు."

నడవనిదానితో ఏం పని? అందులోని ఫొటోలూ పాస్‌వర్డులూ గుర్తొచ్చి జిప్పు గట్టిగా పట్టుకున్నాను.

ఆయన నవ్వాడు. "షూటింగ్‌కే అన్నా. హీరో కోపమొచ్చి నేలకేసి కొడ్తడు. పాతదైతే ఒక్క టేక్‌లనే పగుల్తది."

నిజమో అబద్ధమో, తర్వాతి స్టాపులో దిగిపోయాను. వారంలో ర్యామ్ వేయించాను. ఇప్పటికీ తెరమీద ఏ హీరో ల్యాప్‌టాప్ పైకెత్తినా, నాది ఇంట్లోనే ఉందని తెలిసీ, మూత మీద నేనంటించుకున్న స్టిక్కరు కోసం వెతుకుతాను.