విశ్వకర్మ పూజనాటి తడి నేల

2022. ఆదిత్యపూర్‌లో లారీల విడిభాగాలు చేసే ఓ చిన్న కార్ఖానాలో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. ప్రమాదం జరిగితే కారణం తేల్చడం నా పని. విశ్వకర్మ పూజ రోజు పొద్దున్నే షెడ్డంతా కడిగించి, యంత్రాలకు పూలదండలు వేశారు. పూజ కాబట్టి మేనేజరుతో సహా అందరం సేఫ్టీ బూట్లు విప్పేశాం. ఏడాది పొడవునా బూట్ల కోసం గొంతు చించుకునే నేనూ విప్పాను.

ప్రసాదం గిన్నెతో వస్తూ పైడమ్మ మూడో లేత్ యంత్రం పక్కన జారి పడింది. షెడ్డు ఊడ్చి కడిగే కాంట్రాక్టు కార్మికురాలు ఆమె. శ్రీకాకుళం వైపు మనిషి, నేను పిన్ని అంటాను. కుడి మణికట్టు విరిగింది. మూలుగుతూనే అంది:

"కడిగిందీ నానే, పడిందీ నానే. ఎవుల్ని ఏటంతాను బాబూ?"

కాంట్రాక్టర్ తరఫు సూపర్‌వైజర్‌కి ఆ మాట చాలు. నేల తడిగా వదిలింది ఆమే, ఒప్పుకుంది కూడా, గేట్ పాస్ రద్దు చేసి వేరే మనిషిని తెస్తానన్నాడు. పాస్ లేకపోతే గేటు దాటనివ్వరు, ఉద్యోగం పోయినట్టే. "మామలా ఖతం, సర్," అన్నాడు హిందీలో, వ్యవహారం ముగిసిపోయిందన్నట్టు. నాకు ఒళ్ళు మండింది. ఖతమో కాదో నేను తేలుస్తాను, నువ్వెళ్ళు అన్నాను.

మధ్యాహ్నానికి నేలంతా ఆరింది. మూడో లేత్ పక్కన మాత్రం చాపంత మేర ఇంకా మెరుస్తోంది. వేలితో రాసి చూస్తే నూనె. గేర్‌బాక్స్ సీల్, అంటే నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, పాడై కారుతోంది. రోజూ అక్కడ చల్లే రంపపు పొట్టు ఆ నూనెను పీల్చేసేది. పూజకు శుభ్రంగా కనబడాలని మేనేజరే పొట్టు తీయించేశాడు. ఎన్నాళ్ళుగా కారుతోందని ఆపరేటర్‌ని అడిగితే, చాలా నెలలైంది, పొట్టు ఉంది కదా అని చెప్పలేదన్నాడు. తల బాదుకున్నాను. మేనేజరును తీసుకొచ్చి చూపించాను. ఆయన కాసేపు నసిగాడు. చివరికి పైడమ్మ పాస్ జోలికి వెళ్ళొద్దని సూపర్‌వైజర్‌కి చెప్పి, సీల్ మార్పించాడు.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళి, పాస్ ఎక్కడికీ పోదని చెప్పాను. అయినా ఆమె ముఖం తేటపడలేదు.

"నువ్వు కడిగింది నీళ్ళతో పిన్నీ. జారింది నూనె మీద."

ఆమె నా వంక చూసింది. "అయితే నాను బాగానే కడిగేనా బాబూ?"

బాగానే కడిగావన్నాను. అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు ఎవరు పడినా, వాళ్ళు 'తప్పు నాదే' అన్నంత మాత్రాన నేను వెంటనే రాసుకోను. ముందు వెళ్ళి నేల చూస్తాను.