పప్పు ఉడకని నీళ్ళు

ఆ రోజుల్లో డిప్లొమా చేతికొచ్చిన ప్రతివాడికీ తానొక మహా ఇంజినీరునని గట్టి నమ్మకం. నాకైతే ఇంకాస్త ఎక్కువే. మెదక్ బస్టాండు పక్కన కొత్తగా ఎస్టీడీ బూత్ పెట్టిన కాలం. బస్సు కండక్టరైన మా చిన్నాయన ఊరి చివర ఇల్లు మొదలుపెట్టి, "మనోడు ఉండంగ బయటోడెందుకు?" అని పనంతా నాకు అప్పగించాడు. అది నా మొదటి పని. చెడగొడితే మా వాళ్ళలో మళ్ళీ ఎవరూ నన్ను ఇటుక కూడా ముట్టుకోనివ్వరు.

పునాది గుంతల్లో పిల్లర్ల ఇనుము నిలబెట్టి, కాంక్రీటు పోయబోతున్నాం. మా నాయనమ్మ కొంగులో దొడ్డుప్పు మూటతో వచ్చి, దిష్టి తగలకుండా గుంతకో పిడికెడు వేసింది. నేను కేక పెట్టాను. ఉప్పు తగిలితే ఇనుము తుప్పు పడుతుందనీ, ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుందనీ, చదువంతా అక్కడే ఒలకబోశాను. (పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు సగం మార్కులే వచ్చాయి.) మట్టితో సహా ఆ ఉప్పంతా ఎత్తి పారబోయించాను. నాయనమ్మ ఇసుక కుప్ప మీద మూతి ముడుచుకుని కూర్చుంది.

మొదటి గుంత నిండింది. అప్పుడు అడిగింది. "నీళ్ళు ఏడికెళ్ళి తెచ్చిన్రు రా?"

"పక్క ప్లాటు బోరువి."

"ఓ బిడ్డా, గా నీళ్ళల్ల పప్పు ఉడకదు. చాయ్ పెడితే పాలు ఇరుగుతయ్. నేను పిడికెడేసినందుకు గంత లొల్లి చేస్తివి. నువ్వు డ్రమ్ములకు డ్రమ్ములు పోస్తున్నవ్ కదరా!"

దోసెడు తీసుకుని నోట్లో పోసుకున్నాను. ఉప్పన. నా మొహం చూసి మేస్త్రీ చాచా గడ్డం నిమురుకున్నాడు. "ట్యాంకర్ పిలుద్దమంటిని గద సాబ్. దగ్గర బోరుంటే ట్యాంకరెందుకు అన్నది మీరే."

నిజమే, నేనే అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. గట్టిపడకముందే ఆ కాంక్రీటంతా పారలతో తోడి బయట పారబోశాం. (మొదటి పార నాదే.) ట్యాంకరు మంచినీళ్ళతో ఇనుమంతా కడిగించి, మళ్ళీ పని మొదలుపెట్టేసరికి పొద్దు వాలింది. చిన్నాయన ఖాకీ బట్టలతోనే డ్యూటీ దిగి వచ్చాడు.

"ఏందిరా, పొద్దంత చేస్తే గింతేనా?"

నాయనమ్మే లేచింది. "నేను దిష్టి తీస్తనని ఆపిన. వాన్నేమనకు."

ఆయన విసుక్కుంటూ వెళ్ళాక ఆవిడ కొంగులో మిగిలిన ఉప్పును చిన్న గుడ్డలో మూట కట్టింది. "దీన్ని దర్వాజకు కడ్త. ఇనుముకైతే తగలదు. చల్తదా, ఇంజినీర్ సాబ్?"

చల్తది అన్నాను. వేరే ఏమనగలను?

ఇప్పుడు నీళ్ళ పరీక్షకు ల్యాబులున్నాయి, రిపోర్టులొస్తాయి. అయినా ఏ సైటుకు వెళ్ళినా పక్కింటి తలుపు తట్టి, "అమ్మా, ఈ నీళ్ళల్ల పప్పు ఉడుకుతదా?" అని అడుగుతాను. నా దగ్గర పనిచేసే కుర్ర ఇంజినీర్లు మొహాలు తిప్పుకుని నవ్వుతారు. నవ్వనీ. చిన్నాయన ఇంటి పిల్లర్లకు ఈరోజుకూ చిన్న పగులు లేదు. చూసి మెచ్చుకోవడానికి నాయనమ్మే లేదు. మొన్న ఆ ఇంటికి రంగులు వేయిస్తుంటే, దర్వాజా మీది పాత మూట తీసేయమంటారా అని పెయింటరు అడిగితే, మర్నాడు పొద్దున్నే మంచి దొడ్డుప్పు తెచ్చి కొత్తది నేనే కట్టాను.