గుడ్డ కప్పిన చెంబు

కరోనా తగ్గాక వచ్చిన చలికాలంలో నన్ను చేవెళ్ల మండలం ఆలూరు సబ్ సెంటర్‌కు ఏఎన్ఎంగా వేశారు. అదే నా చివరి పోస్టింగు. నేను చెప్పేది రాస్తున్నావా బుజ్జీ? ఏఎన్ఎం అంటే టీకాలు వేసే నర్సమ్మ అనుకుంటారు గానీ, ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్ల బీపీ, షుగర్ చూడటం కూడా మా పనే. గోళీలు మానేసిన వాళ్లను పట్టుకుని మళ్లీ మొదలుపెట్టించాలి. వెంట ఊరి ఆశ కార్యకర్త పద్మ ఉండేది.

ఒక ఇంటి ముందు పద్మ ఆగిపోయింది.

"ఈ ఇల్లు ఇడిచిపెడదాం సిస్టరమ్మా. బాలమ్మకు మందు వెట్టిండ్రంట."

మందు పెట్టడమంటే గిట్టనివాళ్లు తిండిలో ఏదో కలిపి మనిషిని పాడుచేయడమని మా వైపు నమ్మకం. నేను వినకుండా తలుపు తోశాను. ఎవరి కన్నూ పడకుండా పట్టపగలే కిటికీలకు గోనెసంచులు కట్టి ఉన్నాయి. చీకట్లో పచ్చి క్యారెట్ వాసన. "రా బిడ్డా" అన్న గొంతు వెంట రెండు చేతులు వెలుగులోకి వచ్చాయి. అరచేతులు నారింజ రంగులో ఉన్నాయి. అరికాళ్లూ, ముక్కు చుట్టూ కూడా అదే రంగు. నాకు భయమేసింది. రంగు చూసి కాదు, ఆమె నవ్వు చూసి.

"జూడు, ఎట్ల మెరుస్తున్ననో! ముసలితనం వోతున్నది సిస్టరమ్మా."

ముసలితనం రాకుండా క్యారెట్ రసం ఒక్కటే చాలని ఫోన్లో ఎవరో చెప్పగా చూసిందట. కొడుకు మల్లేశ్ క్యారెట్ రైతు. బేరగాళ్లు తీసుకోని విరిగిన గడ్డలు వాకిట్లో కుప్పగా ఉండేవి. రుబ్బలేక కోడలు విసుక్కుంటే, పక్కింట్లో ఒంటరిగా ఉండే సాయమ్మ తన మిక్సీలో వేసి రోజూ పొద్దున్నే చెంబులో తెచ్చేది. ఈగలు వాలకుండా పైన గుడ్డ కప్పేది. లోపల ఏదో దాచి తెస్తోందన్న అనుమానం పుట్టించి, ఆ గుడ్డే ఆమె కొంప మీదికి తెచ్చింది.

"క్యారెట్‌తోని మనిషి రంగు మారుతదా సిస్టర్? ఊరంత తింటలేమా? అండ్ల ఏందో కలిపింది" అన్నాడు మల్లేశ్. "ఐతారం పెద్దమనుషులను కూసోవెడుతున్న. ఊర్ల నేనన్న ఉండాలె, అదన్న ఉండాలె."

ఇలాంటి మాటలు మనుషులను కొట్టి చంపేదాకా పోవడం నా సర్వీసులో చూశాను. బాలమ్మ కింది రెప్ప లాగి లైటు వేశాను. కన్ను తెల్లగా ఉంది. కామెర్లయితే ముందు కళ్లే పచ్చబడతాయి. క్యారెట్ మితిమీరితే ఆ రంగు చర్మంలో నిలుస్తుంది గానీ కంటికి రాదు. అయినా నా మాట ఒక్కటే చాలదని దవాఖానకు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. కాలేయం బాగుంది. బీపీ మాత్రం భయపడేంత ఉంది. రొట్టె, పప్పు, బీపీ గోళీ, చేనుకు నడక అన్నీ బంద్ చేసిందట. రంగు దానంతటదే పోతుంది, పక్షవాతం వస్తే పోదన్నారు డాక్టరు.

"మందు వెట్టింది కాగితంల తెలుస్తదా?" అన్నాడు మల్లేశ్.

నేను కాగితం పక్కన పెట్టాను. రసం ఆపేసి, సాయమ్మనే అదే చెంబులో, అదే గుడ్డ కప్పి జొన్న అంబలి తెమ్మన్నాను. ఆమె చేతిలోనే ఏదో ఉంటే రంగు పోదు కదా అన్నాను. మల్లేశ్ వద్దన్నాడు.

"నా నోరు, నా కడుపు. తెమ్మను" అంది బాలమ్మ.

గోడ అవతల నుంచి సాయమ్మ మెల్లగా అడిగింది. "రంగు వోకపోతే నా గతేంది సిస్టరమ్మా?"

పోతుందని నాకు తెలుసు. ఎన్నాళ్లకు పోతుందో తెలియదు. పెద్దమనుషుల పంచాయితీని ఆదివారం ఆదివారం వాయిదా వేయిస్తూ వచ్చాను. నేను వెళ్లినప్పుడల్లా మల్లేశ్ తల్లి అరచేతిని ఎండకు పట్టి చూసేవాడు. వెనక వాడకట్టు జనం నిలబడి తొంగి చూసేవారు. చెంబు వాకిట్లో పెట్టి సాయమ్మ తల వంచుకుని వెళ్లిపోయేది. రంగు ముందు ముఖం నుంచి జారింది, తర్వాత చేతుల నుంచి. అరికాళ్లలో మాత్రం చాలా రోజులు నిలిచిపోయింది.

ఒక పొద్దున మల్లేశ్ ఆ చెంబు తనే అందుకుని, "లోపటికి రా చిన్నమ్మా" అన్నాడు. సాయమ్మ గడప దాటలేదు. చెంబు తేవడం మాత్రం మానలేదు.

రంగు పూర్తిగా పోయాక బాలమ్మ నన్ను పక్కకు పిలిచి, "మరి ఇప్పుడేం తాగాలె? ఒక్కటి జెప్పు" అంది. ఒక్కటేదీ లేదనీ, రొట్టె, పప్పు, కూర అన్నీ కొంచెం కొంచెం తిని, గోళీ వేసుకుని, సాయమ్మను తోడు తీసుకుని చేనుదాకా నడవమనీ చెప్పాను. గింతేనా అన్నట్టు చూసింది.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, ఏ ముసలివాళ్ల ఇంటికి వెళ్లినా కొత్తగా ఏం మొదలుపెట్టారని నేను ముందు అడగలేదు. ఏమేం మానేశారని అడిగాను.