చుక్కల ఓడలో ఇంకా పదిమంది

ముందు చప్పుడు వచ్చేది. డబ్, డబ్, డబ్. రేకు మీద అరచెయ్యి. బస్సు ఇంకా మలుపు తిరగకముందే, దుమ్ము ఇంకా లేవకముందే, ఆ చప్పుడు ఎండలో ఈదుకుంటూ పుల్లలచెరువు బడి కిటికీ దాకా వచ్చేది. దాని వెనక ఒక గొంతు: "జరగండి నాయనా, జరగండి! ఇంకా పదిమంది పడతారు!" గొంతు వెనక బస్సు. బస్సు వెనక నిచ్చెనకు వేలాడుతూ కండక్టర్ మాలకొండయ్య.

మాలకొండయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే. లోకంలో ఏదైనా నిండిపోయిందంటే నమ్మడు. పెళ్లి పంక్తిలో ఎవరైనా పొట్ట పట్టుకుని "ఇక చాలు" అంటే, "కాస్త సర్దుకుని కూర్చో మామా, ఇంకో రెండు బూరెలు పడతాయి" అనేవాడు. ముప్పై మంది పట్టే బస్సులో డెబ్బై మందిని కూరి, మేకల్ని టాపు మీదికెక్కించి, కోళ్లగంపను డ్రైవరు నాగయ్య కాళ్ల సందున పెట్టి, అప్పుడు కూడా లోపలికి తొంగిచూసి, "ఖాళీగా పోతా ఉందే!" అని దిగులుపడేవాడు. ఒక తిరునాళ్ల రోజున, "కుడిపక్క వాళ్లు గాలి పీల్చేటప్పుడు ఎడమపక్క వాళ్లు వదలండి" అని ఏర్పాటు చేసి మరో అరడజను మందిని ఎక్కించాడని చెప్పుకుంటారు.

ఆ బస్సులో ప్రతి శనివారం మార్కాపురం పోయే బడిపంతులు విశ్వాసం అయ్యవారికి వేరే జబ్బు. కథలు రాసేవాడు. తన పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఆయన కోరిక. అప్పటికి ఏడు కథలు మద్రాసు పోయాయి, ఏడూ తోవ మరిచిపోకుండా తిరిగి వచ్చాయి. రష్యావాళ్లు ఆకాశంలోకి గోళం విసిరిన మరుసటి ఏడు, ఒక వారపత్రిక దీపావళి సంచికకు ఆకాశయానం కథలు పంపమంది. విశ్వాసం లాంతరు దగ్గర కూర్చుని ఒక నక్షత్రనౌకను కట్టాడు. భూమ్మీద నీళ్లు ఇంకిపోతాయి. పన్నెండు మంది మహా జ్ఞానులు ఆ నౌక ఎక్కి, నీళ్లున్న చుక్కను వెతుక్కుంటూ వెళ్లిపోతారు.

పక్కనున్న పెద్దాయనకు ఆ కథ చదివి వినిపిస్తుంటే, టికెట్టు చింపుతున్న మాలకొండయ్య చెయ్యి గాలిలో ఆగింది.

"అయ్యవారూ, ఎంత పొడుగన్నావు?"

"ఆరువందల అడుగులు."

"ఎంతమంది?"

"పన్నెండు మంది."

"పన్నెండు మందే? ఆరువందల అడుగుల బండిలో? ఓనరు ఎట్ల ఊరుకున్నాడు?"

"దానికి ఓనరు లేడు కొండన్నా."

"అందుకే అట్ల తగలడింది! లోపల ఏమేముండాయి?"

"మధ్యలో స్తంభాల హాలు. నాయకుడికి గుండ్రంగా తిరిగే సింహాసనం."

"ముందుకు పోయే బండిలో తిరిగే కుర్చీ ఏంది? వెనక్కి తిరిగి ఏం చూస్తాడంట? పీకెయ్ దాన్ని. ఆడ ఇద్దరు పిల్లతల్లులు పడతారు. టాపు మీదికి నిచ్చెన ఉందా?"

"లేదు."

"మేకలో?"

"ఆకాశంలోకి మేకలేంది కొండన్నా!"

ముందు సీటులోంచి వీరమ్మ తిరిగింది. మార్కాపురం సంతకు కూరగాయలు మోసే ముసలామె. "మేకల్లేకుండా ఎట్ల పోతారు నాయనా? ఆడ పాలెవరిస్తారు, చందమామా?"

బస్సంతా నవ్వింది. విశ్వాసానికి చెవులు ఎర్రబడ్డాయి. "ఆరువందల అడుగులంటే మీరనుకున్నంత పెద్దదేం కాదు!"

"నువ్వు చూసినావా?"

"ఊహించాను."

"ఊహ వద్దు. కొలుద్దాం పా."

త్రిపురాంతకంలో ఇంజనుకు నీళ్లు పోయడానికి బస్సు ఆగింది. మాలకొండయ్య అందరినీ దించి, రోడ్డు పక్క బీడులో చేతులు బారచాపి వరసగా నిలబెట్టాడు. "వీరమ్మత్తా, నువ్వు ఓడకు ముక్కు. టాపు మీంచి దించిన ఈ మేకను గట్టిగా పట్టుకో, ముక్కు కదలకూడదు. అయ్యవారూ, వెడల్పెంత?"

"వెడల్పు రాయలేదు."

"పొడుగు రాసి వెడల్పు రాయకపోతే అది ఓడ కాదు, మోకు!"

డెబ్బై మందీ ఒక పక్క గోడకైనా చాలలేదు. టీ దుకాణం ఖాళీ అయింది. కొండ మీది గుడికొచ్చిన భక్తులు మెట్లు దిగి వచ్చి గోడలో చేరారు. గొర్రెలు కాచుకునేవాళ్లు కర్రలు చాపి నిలబడ్డారు. ఎదురొచ్చిన బస్సు ఆగింది. అందులోవాళ్లు ఏమిటని అడగకుండానే దిగి, తోకలో కలిశారు. వీరమ్మ చేతిలో మేక రెండుసార్లు అరిచింది. ఓడ బయలుదేరుతోందేమోనని ఎవరో చప్పట్లు కొట్టబోతే, "చెయ్యి వదిలితే గాలి దూరతది!" అని మాలకొండయ్య కసిరాడు.

"ఇప్పుడు లోపలికి పో అయ్యవారూ."

విశ్వాసం లోపలికి నడిచాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎండ పరుచుకుని ఉంది. అటూ ఇటూ చేతులు పట్టుకుని, చెమటలు కారుస్తూ జనం. ఊరంతా గోడ అయింది. లోపల తనూ తన నీడా మాత్రమే ఉన్నారు. ఆ నీడకు కూడా అక్కడ ఏమీ తోచినట్టు లేదు.

"ఎట్లుంది లోపల?" మాలకొండయ్య కేక.

"ఖాళీగా ఉంది," అన్నాడు విశ్వాసం. ఆ మాట తన నోటి నుంచి వస్తుందని ఆయన అనుకోలేదు.

"ఆ పన్నెండు మందీ పోయినాక, మేమంతా యాడుంటాం నాయనా, కథలో?" అని ముక్కు దగ్గర నుంచి వీరమ్మ అడిగింది.

"కింద... ఇక్కడే."

"నీళ్లు లేనికాడనా?"

విశ్వాసం ఆ రాత్రి సింహాసనం పీకేశాడు.

అప్పటి నుంచి ప్రతి శనివారం ఓడకు తనిఖీ. స్తంభాలకు కొక్కేలు తగిలించి మూటలు వేలాడదీయించాడు మాలకొండయ్య. దూలాలకు ఉయ్యాలలు కట్టించాడు. కడవలకు విడిగా గది వేయించి, మళ్లీ ఆలోచించి, ఆ గదిలో కడవల సందున ముసలివాళ్లను కూర్చోబెట్టించాడు. "చల్లగా ఉంటది." ఓడ అంగుళం పెరగలేదు. జనం మాత్రం ఐదువేలు దాటారు. కథ ఎనిమిది పేజీల నుంచి ఇరవై పేజీలైంది.

గడువు ముగిసే రోజు వచ్చింది. ఆ సాయంత్రం మార్కాపురం స్టేషనులో రైలుకు కవరు అందకపోతే కథ లేదు. విశ్వాసం కవరును చొక్కాలో దాచుకుని బస్సెక్కి, రెండు చేతులూ జోడించాడు. "కొండన్నా, ఈ ఒక్కరోజు దారిలో ఎక్కడా ఆపొద్దు."

మాలకొండయ్య ఆయన ముఖం వంక చూశాడు. "సరే అయ్యవారూ. ఈ రోజు నీది."

బస్సు పరుగెత్తింది. డబ్ డబ్ లేదు. జరగండి లేదు. రోజూ మోగే చప్పుడు లేక బస్సు జ్వరం మనిషిలా మూలుగుతూ పోయింది. ప్రయాణికులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. త్రిపురాంతకం దాటాక, నీడ లేని ఒక మలుపులో, నిండు నెలల దానమ్మ తల్లి భుజం పట్టుకుని నిలబడి ఉంది. తల్లి చెయ్యెత్తింది. మార్కాపురం ఆసుపత్రికని చూస్తేనే తెలుస్తోంది. మాలకొండయ్య రోడ్డు వంక చూడలేదు. ఈల నోట్లో పెట్టుకుని విశ్వాసం వంకే చూస్తున్నాడు.

"ఆపు!" విశ్వాసం లేచి నిలబడ్డాడు. "ఇంకా ఇద్దరు పడతారు!"

మాట పూర్తి కాకముందే ఈల మోగింది. అంతసేపూ బిగబట్టిన ఊపిరంతా ఆ ఈలలో వచ్చింది.

కండక్టరు సీటులో అప్పటికే ఒక జ్వరం ముసలాయన ఉన్నాడు. విశ్వాసం సీటులో దానమ్మ కూర్చుంది. అయ్యవారు వెనక నిచ్చెన మీదికి చేరాడు. దుమ్ములో ఇద్దరూ పక్కపక్కన వేలాడుతుండగా ఆయనకు అప్పుడు తట్టింది. మూడేళ్లలో ఈ మనిషి తన సీటులో కూర్చోగా చూసింది లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు, ఒక జ్వరమో, ఒక కాన్పో, ఒక విరిగిన కాలో అందులో ఉండేది. ఇదంతా వేలాడే సరదా అని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"నువ్వెందుకు కూర్చోవు కొండన్నా?"

"కూర్చున్నా. ఉద్యోగంలో చేరిన మొదటివారం, కాలు మీద కాలేసుకుని కూర్చున్నా. వీరమ్మత్త గంపతో చెయ్యెత్తింది. నిండిపోయింది, రేపు రా అన్నా. మరునాడు కూడా అదే మాటన్నా. మూడోనాడు బస్సు టైరు పోయి ఆలస్యంగా మార్కాపురం చేరితే, ఆమె నడిచి వచ్చి, గంప అమ్ముకుని, బస్టాండులో నా కోసం నిలబడి ఉంది. ఏమన్నదో తెల్సునా?"

"ఏమన్నది?"

"'నీ బస్సు నిండలేదు నాయనా, నువ్వు నిండినావు' అన్నది." మాలకొండయ్య నవ్వాడు. "రోజూ ఎక్కినప్పుడల్లా ఇంకా తిడతానే ఉంది. అందుకే ముందు సీటిచ్చినా, దూరంగా ఉంటదని."

ఒకసారి ఆపాక ఇక ఆపకుండా ఎలా? మరో పదకొండు చోట్ల ఆగింది బస్సు. స్టేషను చేరేసరికి రైలు కూత వేస్తోంది. రైలుకు తగిలించిన టపా పెట్టెలో గుమాస్తా ఉత్తరాల సంచి మూతి కట్టేస్తున్నాడు.

"సంచి నిండిపోయింది, రేపు రండి," అన్నాడు.

అనకూడని మాటలు రెండూ ఒకేసారి అన్నాడు పాపం. మాలకొండయ్య పెట్టె మీద డబ్ డబ్ అని కొట్టాడు. "కాస్త కుదిపి చూడు నాయనా! ఇంకొకటి పడతది!"

పట్టింది.

నెల తర్వాత కవరు తిరిగి వచ్చింది. అందులో అచ్చు చీటీ: స్థలాభావం వల్ల ప్రచురించలేకపోతున్నాము.

"అంటే ఏంది?" అన్నాడు మాలకొండయ్య.

"చోటు లేదంట."

మాలకొండయ్య కళ్లు ఎర్రబడ్డాయి. ఆ వారం సంచిక తెప్పించి, చెవి మీది పెన్సిలు తీశాడు. "ఈ తలనూనె సీసాకు ఇంత చోటెందుకు? పక్కకు జరిపితే ఇరవై వరసలు పడతాయి. ఈమె జడ చూడు, సగం పేజీ! చుట్టి ముడేస్తే ఇంకో పది. అక్షరాలేంది ఇట్ల కాళ్లు చాపుకుని కూర్చున్నాయి? దగ్గరికి జరగమను!" పత్రికంతా గీతలు గీసి, కథతో పాటు మళ్లీ మద్రాసు పంపించాడు.

ఆ సంపాదకుడు నవ్వాడో, భయపడ్డాడో. సంక్రాంతి పోయాక కథ అచ్చయింది. చీమల్లాంటి అక్షరాలు, ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చున్నట్టు. చివరి పేరా నూనె సీసా పక్కన నిలువుగా నిలబడి ఉంది. జడ వంపులో, సరిగ్గా పట్టేంత మేర, 'విశ్వాసం' అని పేరు. ఆ పేజీ బస్సులో చేతులు మారి, నలిగి, మళ్లీ తన దగ్గరికి వచ్చేసరికి విశ్వాసానికి కంట్లో దుమ్ము పడింది. ఆ రోజే దానమ్మ తన కవలల్ని చెరో చంకన ఎత్తుకుని బస్సెక్కింది. "చూసినావా? ఇద్దరు పడతారన్నావు, నలుగురు పట్టినారు!" అన్నాడు మాలకొండయ్య.

జూన్‌లో విశ్వాసానికి గిద్దలూరు బదిలీ అయింది. మార్కాపురం స్టేషనులో రైలు కిటకిటలాడుతోంది. "చోటు లేదు!" అని లోపల నుంచి అరిచారు. డబ్, డబ్, డబ్. అరక్షణంలో భార్య లీదియా, ట్రంకుపెట్టె, మంచం, గుడ్ల మీదున్న కోడి అన్నీ లోపలికి వెళ్లాయి. అందరికంటే చివర విశ్వాసం. రైలు కదిలింది. కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు: "కొండన్నా! ఈసారి కథలో ఓడకు నువ్వే నాయకుడివి! ముందు సీటు నీ పేరున రాస్తా!"

మాలకొండయ్య రైలు వెంట నడుస్తూ, ఆ తర్వాత పరుగెత్తుతూ, చేతులు ఊపాడు.

"సీటొద్దు అయ్యవారూ! నాకిస్తే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తా. వెనకాల ఒక నిచ్చెన రాయి, చాలు. చుక్కల్లో ఎవరన్నా చెయ్యెత్తితే కనపడొద్దా?"